ఫెర్రిక్ అని తెలిసి కూడా

మీ ఊరి బోరు నీళ్లతో కాచిన చాయ్ సిరాలా నల్లబడిందనుకోండి, మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు? అమ్మవారినా? బోరు పక్కింటి ఆడమనిషినా? ఇద్దరినీ కాదంటే, భూమినా? చదువుకున్నవాళ్లు మూడో జవాబు చెబుతారు. నేనూ అదే చెప్పాను. ఊరి నడిమధ్య, మైకులో, చప్పట్ల మధ్య చెప్పాను. తప్పు చెప్పాను. చదువు చాలక చెప్పిన తప్పయితే ఇది రాసేవాణ్ణి కాదు. నాకు బాగా తెలిసిన విషయం, నా చేతిలోని గాజు గ్లాసులోనే కనబడుతుంటే చూడలేదు. అందుకు సిగ్గుపడుతూ రాస్తున్నాను.

నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా పనిచేశాను. ఇల్లు పోతిరెడ్డిపల్లిలో. మా నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మా ఇంటి మాట మాత్రం అక్కడిదే మిగిలింది. వారానికి ఆరు రోజులు ల్యాబు, ఏడో రోజు మూఢనమ్మకాల మీద యుద్ధం. మేం యుద్ధమనే అనేవాళ్లం. నలుగురైదుగురు మిత్రులం, ఒక రేకు పెట్టె, అందులో కొన్ని సీసాలు. ఆదివారం పొద్దున బస్సెక్కి ఊళ్లకు వెళ్లేవాళ్లం. బాబాలు చేసే మహిమలన్నీ మేమే చేసి చూపించి, అందులో ఉన్న రసాయనం పేరు చెప్పి వచ్చేవాళ్లం.

మా పెట్టెలో అన్నిటికంటే పేరు తెచ్చిన ప్రదర్శన నిమ్మకాయ కోయడం. కత్తికి ఫెర్రిక్ క్లోరైడ్ పూసి ఆరబెట్టేవాణ్ణి. నిమ్మకాయలోకి పొటాషియం థయోసయనేట్ అనే ఉప్పు కలిపిన నీళ్లను ముందే సూదితో ఎక్కించేవాణ్ణి. కోయగానే కాయ నుంచి నెత్తురు కారేది. వెనకవరుసలో ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకునేవాళ్లు. అప్పుడు నేను గొంతు పెంచేవాణ్ణి. ఇది నెత్తురు కాదు, ఇనుము.

అక్కడితో ఆగేవాణ్ణి కాదు. నాకు పేర్లంటే పిచ్చి. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఫెర్రస్, మూడు పోగొట్టుకుంటే ఫెర్రిక్. ఇప్పటి పుస్తకాల్లో ఇనుము రెండు, ఇనుము మూడు అని రాస్తారు. ఆక్సిజన్‌తో కలిసి ఆరు పోగొట్టుకునేదాకా పోతే ఫెర్రేట్, ఊదారంగులో ఉంటుంది, బలంలో దాని ముందు పొటాషియం పర్మాంగనేటు కూడా దిగదుడుపే. ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు గుంజుకునే దాన్ని ఆక్సీకరణి అంటారు. ఫెర్రిక్ ఆక్సీకరణి, ఫెర్రస్ కాదు. ఫెర్రిక్ రాగి రేకును కూడా కరిగించి తనలో కలిపేసుకుంటుంది. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేవాణ్ణి. ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా తలలూపేవాళ్లు. ఆ తలలూపడం చూసి నాకు అనుమానం రావలసింది. అర్థంకాని మాటలకు జనం తలలూపే చోటు ఇంకొకటుందని, దాన్ని పడగొట్టడానికే నేను బస్సెక్కుతున్నానని నాకు తట్టలేదు.

కొండాపూర్ వైపు ఒక ఊరి నుంచి కబురొచ్చింది. ఆ ఊళ్లో పంచాయతీ బోరు ఒకటుంది. దాని నీళ్లతో చాయ్ కాస్తే నల్లబడుతోంది. బట్టలకు తుప్పు మరకలు పడుతున్నాయి. ఎవరో ఒక రోజు బోరు గట్టు మీద పసుపు రాసిన నిమ్మకాయ చూశారు. ఇంకేముంది, చేతబడి, వాళ్ల మాటలో బాణామతి అన్నారు. బోరుకు ఆనుకుని ఉన్న ఇంటి ఆవిడ చేయించిందన్నారు. ఆమెకు రెండెకరాల పత్తి చేను, రెండు బర్రెలు. భర్త ఏదో ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. ఆమె మీద అనుమానానికి ఊరు చెప్పిన కారణమేమిటంటే ఆమె రాగి బిందె. అందరికంటే ఎక్కువ మెరుస్తోందట. ఆమెను కొడతారేమోనని భయపడి ఆ ఊరి వార్డు మెంబరు మమ్మల్ని పిలిచాడు.

వెళ్లాం. మైకు పెట్టించారు. నిమ్మకాయ కోశాను. నెత్తురు కారింది. ఫెర్రస్, ఫెర్రిక్ పాఠం కూడా ఎప్పటిలాగే ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన తువ్వాలు సర్దుకుంటూ అడిగాడు.

"సారు, నిమ్మకాయకు మందు మీరు పెట్టిన్రు. మంచిదే. మా బోరుకు ఎవలు పెట్టిన్రు మరి?"

"భూమి పెట్టింది తాతా" అన్నాను.

అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వాడు.

"సారు మాట టీవీల వచ్చినట్టే ఉన్నది" అన్నాడు పక్కాయన.

నేనే బోరు దగ్గరికి నడిచి, పైపు కింద గాజు గ్లాసు పెట్టి నీళ్లు పట్టాను. అప్పుడే వచ్చిన నీళ్లు, తేటగానే ఉన్నాయి. అందరికీ కనిపించేలా గ్లాసు ఎత్తి పట్టుకుని అందులో థయోసయనేటు నీళ్లు నాలుగు చుక్కలు వేశాను. గ్లాసు మొత్తం ఎర్రబడింది, నిమ్మకాయలో వచ్చిన రంగే.

"చూశారా" అన్నాను మైకులో. "మీ బాణామతి ఇదే. ఇనుము. భూమిలో ఉండేదే. మన నెత్తుట్లో కూడా ఉండేదే. డాక్టరు మాత్రలుగా రాసిచ్చేది కూడా దీన్నే. ఈ అక్క ఏ పాపమూ చేయలేదు."

చప్పట్లు. నిజం చెప్పాలంటే, నాకు బాగా నచ్చిన చప్పట్లు. ఒక మనిషిని కాపాడానన్న గర్వం ఒంటి నిండా పాకింది.

అప్పుడామె గడప దగ్గర నుంచి ముందుకొచ్చింది. చేతిలో ఆ బిందె ఉంది.

"ఒక్క మాట అడగనా సారు?"

"అడుగు అక్కా."

"భూమిల ఇనుము ఎప్పటికి ఉండేదే గదా. మా అత్త గీ బోరు నీళ్లే తాగింది, గీ బిందెతోనే మోసింది. అప్పుడు బిందె నల్లగయితుండె, చింతపండు పెట్టి తోముతుంటిమి. రెండేండ్ల సంది తోమకుంటనే మెరుస్తున్నది. గిప్పుడు అడుగు పల్చబడ్డది, సూడున్రి. ఇనుము రాగిని తింటదా?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. పది నిమిషాల ముందు అదే మైకులో నేనే చెప్పాను. మామూలు ఇనుము రాగిని తినదు. ఫెర్రిక్ తింటుంది.

ఇంకొకటి కూడా తెలుసు. లోతు బోరులోకి గాలి అందదు. అక్కడ సహజంగా ఉండే ఇనుము ఫెర్రస్‌గా ఉంటుంది. అలాంటి నీళ్లు తేటగా వచ్చి, గాలి తగిలాక, ఒక పూట నిలిచాక తుప్పు రంగుకు తిరుగుతాయి. థయోసయనేటుకు ఫెర్రస్ పలకదు, ఫెర్రిక్కే పలుకుతుంది. పైపు నుంచి అప్పుడే పట్టిన నీళ్లు నాలుగు చుక్కలకే అంత ఎర్రబడ్డాయంటే అందులో ఉన్నది ఫెర్రిక్. ఫెర్రిక్ మామూలు నీళ్లలో కరిగి ఉండలేదు, తుప్పుగా అడుక్కు దిగిపోతుంది. కరిగి ఉందంటే ఆ నీళ్లలో ఆమ్లం ఉన్నట్టు. ఆమ్లంతో పాటు ఫెర్రిక్, గనులు లేని ఇలాంటి చోట, భూమి కడుపులో దానంతటది పుట్టదు. ఎవరో పోస్తే వస్తుంది. ఏ హానీ లేదనడానికి రుజువుగా ఊరందరికీ ఎత్తి చూపిన ఆ ఎరుపే, హాని జరుగుతోందనడానికి రుజువు. ఇవేవీ గొప్ప విషయాలు కావు. డిగ్రీ పిల్లలకు నేను ట్యూషన్‌లో చెప్పిన పాఠాలు.

ఆమె బిందె చూడమని ముందుకు చాపింది. నేను చూడలేదు.

"నీళ్లు లోతుకు పోయాయి కదక్కా, లోతుకు పోయే కొద్దీ ఇనుము పెరుగుతుంది" అన్నాను.

"గట్ల కాదు సారు. మొరం గుంత కాడికి ట్యాంకర్లు వస్తున్నయి. పొద్దుగాల్నే వచ్చి పోసి పోతున్నయి. నేను బర్రెలను తోలుకపోయేటప్పుడు సూసిన."

ఇక్కడ నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

"అక్కా, నిన్నటిదాకా వీళ్లు నిన్ను చూసి బాణామతి అన్నారు. ఇవాళ నువ్వు ట్యాంకరును చూసి విషమంటున్నావు. కంటికి కనబడినదాన్నల్లా అనుమానించడమే మూఢనమ్మకం."

జనం గొల్లుమన్నారు. పక్కింటావిడ గట్టిగానే అంది. "సారు నిన్ను ఇడిపిచ్చిండు గదనే, ఇగ నోరు మూసుకో."

ఆమె నోరు మూసుకుంది. బిందె చంకన పెట్టుకుని లోపలికి పోయింది.

ఎందుకన్నాను ఆ మాట? చాలాసార్లు నన్ను నేను అడిగాను. ప్రదర్శన చెడుతుందనే భయం ఒకటి. మైకు పట్టుకున్నవాడికి ప్రశ్న అంటే ఎదురు తిరగడంలా వినిపిస్తుంది. అసలు కారణం ఇంకా లోపల ఉంది. మా ఫ్యాక్టరీ నుంచి కూడా ట్యాంకర్లు బయటికి పోయేవి. లోపల ఏముందో నాకు తెలుసు, నేనే పరీక్ష చేసేవాణ్ణి. ఎక్కడికి పోతాయో ఏనాడూ అడగలేదు. గేటు దాటాక నా పని కాదనుకున్నాను. బాబాల మీద గొంతు చించుకోవడం తేలిక. బాబా నాకు జీతమివ్వడు కదా. ట్యాంకరు అన్న మాట ఆమె నోట రాగానే నా లోపల ఏదో తలుపు మూసుకుంది. నా భయాన్ని ఆమె అజ్ఞానంగా మార్చి ఆమె నెత్తినే పెట్టాను.

కార్యక్రమం అయ్యాక వార్డు మెంబరు తెల్ల కాగితం తెచ్చాడు. "జెర రాసియ్యున్రి సారు, మల్ల ఎవడన్న లొల్లి చేస్తే సూపిస్త" అన్నాడు. రాశాను. ఈ బోరు నీటిలో ఉన్నది ఇనుము, భూమిలో సహజంగా ఉండేది, హాని లేదు. కింద పేరు, పేరు పక్కన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఒక్క రంగు పరీక్షతో హాని లేదని రాసిన కాగితం మా ఫ్యాక్టరీలో ఎవరైనా నా ముందు పెడితే చించి మొహాన కొట్టేవాణ్ణి.

ఏడాది దాటింది. సంగారెడ్డి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు నేనూ వరుసలో నిలబడ్డాను. మంత్రాల పేరుతో మోసం చేసేవాళ్ల మీద గట్టి చట్టం కావాలని మా అర్జీ. నా ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. బల్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. బల్ల మీద నీళ్ల సీసా, దాని పక్కన అడుగు చిల్లుపడ్డ రాగి బిందె.

బల్ల వెనకాయన ఫైలులోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు.

"గిన్నిసార్లు వస్తవేందమ్మా? మీ పంచాయతీ వాళ్లే గీ కాగితం పంపిన్రు. సైన్సు చదివినాయన వచ్చి, పరీక్ష జేసి, రాసిచ్చిండు. ఎమ్మెస్సీ అంట. ఆయన కంటె నీకెక్కువ ఎరుకనా?"

ఆమె వెనక్కి తిరిగింది. వరుసలో నన్ను చూసింది. ఆశ్చర్యపోయినట్టు కూడా లేదు.

"ఆయననే అడుగున్రి. గా లైన్ల నిలవడ్డడు."

వరుస మొత్తం నా వైపు తిరిగింది. నా చేతిలో మూఢనమ్మకాల మీద అర్జీ. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నా వంతు రాకముందే వరుసలోంచి బయటికొచ్చాను. ఆమె మెట్ల మీద కూర్చుని సీసాను సంచిలో పెట్టుకుంటోంది. పక్కన కూర్చున్నాను. ఏం జరిగిందని అడిగాను.

"ఏం జరుగుతది సారు" అంది. "నా బర్రె ఈసుకపోయింది, కడుపుల దూడ దక్కలే. ఇంకోటి పాలు బందు పెట్టింది. పిల్లలకు కడుపునొప్పులు, ఒళ్లంత దురదలు. బాణామతి అన్నన్ని దినాలు జనానికి జెర భయముండె. గా బోరు ముట్టకుండిరి. దూరమైనా చేన్ల బాయికి పోయి తెచ్చుకుంటుండిరి. మీరొచ్చి ఇనుమే అన్నంక, డాక్టరు గోలీ లెక్కనే అన్నంక, అందరు తాగిన్రు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది. నా ముప్పై ఏళ్ల ఆదివారాలు ఆ మెట్ల మీద కూలిపోయాయి. ఆ ఊరిని మూఢనమ్మకం కాపాడుతుంటే నేను వెళ్లి విషం తాగించాను. అదీ సైన్సు పేరుతో. ఎంత తప్పుడు కారణంతోనైనా సరే, వాళ్లు ఆ నీళ్లకు దూరంగా ఉన్నారు. సరైన కారణం చెప్పాల్సినవాడు సగం కారణం చెప్పి దగ్గరికి తోశాడు.

"నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిడితే నీళ్లు బాగైతయా?" అంది. "నడువున్రి, ఇప్పుడన్న సక్కగ సూడున్రి."

ఆ రోజే ఇంటి నుంచి సామాను తీసుకుని ఆమెతో బస్సెక్కాను. ఈసారి మైకు లేదు, కత్తి లేదు. లిట్మస్ కాగితాలు, గరుకు కాగితంతో రుద్దిన రెండు ఇనుప మేకులు, నాలుగు శుభ్రమైన సీసాలు. బోరు నీళ్లలో నీలి లిట్మస్ ఎర్రబడింది. ఆమె ముందు నడిచి, ఎర్రమట్టి తవ్వుకుని వదిలేసిన ఆ మొరం గుంత చూపించింది. అడుగున పచ్చ కలిసిన గోధుమరంగు నీళ్లు నిలిచి ఉన్నాయి. మేకుకు దారం కట్టి అందులోకి వదిలాను. కాసేపటికి పైకి లాగితే మేకు మీద రాగి పూత మెరిసింది.

"గిదేంది, మేకు బిందె రంగుకు తిరిగింది?" అంది ఆమె.

"ఈ నీళ్లలో రాగి కరిగి ఉందక్కా. కరెంటు సామాన్లలో పచ్చటి పలకలుంటాయి చూడు, వాటి మీద రాగి గీతలుంటాయి. అక్కర్లేని రాగిని ఫెర్రిక్ క్లోరైడ్ పోసి తినిపిస్తారు. తిని తిని పని అయిపోయాక మిగిలిన రసం ఇదే అయ్యుంటుంది."

"మరి నేను అడిగిననాడే గది చెప్తే అయిపోతుండె గదా" అంది.

సీసాలు పరీక్షకు ఇచ్చాను. నీళ్లలో ఆమ్లం ఉందని, రాగి ఉండకూడనంత ఉందని కాగితం వచ్చింది. దాన్ని, నా మొదటి కాగితం తప్పని రాసిన ఇంకో కాగితాన్ని పట్టుకుని అదే బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలులోని నా పాత కాగితాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టుకున్నాడు.

"అదీ మీ సంతకమే, ఇదీ మీ సంతకమే. నేను దేన్ని నమ్మాలె సారు?"

అడగాల్సిన ప్రశ్నే. చర్య తీసుకుంటామన్నారు, విచారణ అన్నారు. గుంత మీద ఎవరో రెండు బండ్ల మట్టి పోసి చదును చేశారు. నేలలోకి దిగినది దిగే ఉంది.

ఊళ్లో మళ్లీ మైకు పెట్టమని వార్డు మెంబరును అడిగాను.

"గిప్పుడు మల్ల తప్పని చెప్తరా? జనం నవ్వుతరు సారు" అన్నాడు.

"నవ్వనీ."

నవ్వారు. వచ్చింది పదీ పన్నెండు మంది. "నిరుడు తాగుమన్నడు, ఇయ్యాల తాగొద్దంటున్నడు, ఎండకాలం వస్తే ఏమంటడో" అన్నాడొకడు. నేను నిమ్మకాయ కోయలేదు. ఫెర్రస్, ఫెర్రిక్ అనే మాటలు ఈసారి నిదానంగా, అర్థం అయ్యేదాకా చెప్పాను. పేరు వెనక ఒక ప్రశ్న ఉంటుందని, ఈ ఇనుము ఏం పోగొట్టుకుంది, ఎవరి చేతిలో పోగొట్టుకుంది అని అడగడానికే ఆ పేర్లని చెప్పాను. నేను అడగలేదని, అడిగినావిడ నోరు మూయించానని చెప్పాను. ఆమె పక్కనే నిలబడి వింది. అయిపోయాక జనాన్ని లెక్కపెట్టింది.

"అప్పుడు ఊరంతా ఉండె. ఇయ్యాల పన్నెండు మంది. మిగిలినోళ్లు ఇంక తాగుతనే ఉన్నరు. ఇంటింటికి నడువున్రి సారు."

నడిచాం. కొన్ని ఇళ్లలో మంచం వాల్చారు. కొన్ని ఇళ్లలో తలుపు తీయలేదు. ఒకాయన విన్నంతసేపు విని ఆ నీళ్లతోనే కాచిన చాయ్ నా చేతికిచ్చాడు, నల్లగా. తాగకుండా కింద పెట్టాను. నేను పెట్టాక ఆయన కూడా తన గ్లాసు కింద పెట్టాడు. ఆ రోజుకు అది ఒక ఇల్లు. ఇప్పటికీ ఆదివారాలు ఆ ఊరికే పోతున్నాను. ఇంకా సగం ఇళ్లు ఉన్నాయి.

మీలో కెమిస్టులున్నారు, టీచర్లున్నారు, డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. పరీక్షించకుండా హాని లేదని మాట ఇచ్చిన రోజు, సంతకం పెట్టిన రోజు మీకూ ఒకటుంటుంది. అది ఏ ఊరో, ఎవరి ప్రశ్నను నవ్వి కొట్టేశారో మీకు గుర్తుంది. లేచి ఆ ఊరికి వెళ్లండి. ఆ నీళ్లను, ఆ మట్టిని సీసాలో పట్టి సరిగా పరీక్ష చేయించండి. ఎంత మంది ముందు మాట ఇచ్చారో అంత మంది ముందు నిలబడి, అంతే గట్టిగా, నేను చెప్పింది తప్పు అని చెప్పండి. రాసిచ్చిన కాగితాన్ని ఇంకో కాగితం రాసి రద్దు చేయండి. వాళ్లు ఇంకా తాగుతూనే ఉంటారు. ఈ ఆదివారమే వెళ్లండి.